సైక్కాను దాటని కన్నారావు

మా బావ కన్నారావు సైక్కాను దాటడు.

సైక్కా అంటే సైకిలు పక్కన తొట్టి కట్టిన రిక్షా. అందులో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు ముందుకు చూస్తూ, ఒకరు వెనక్కి చూస్తూ, వీపులు ఆనించి. బర్మాలో మా ఊరు యాంగోన్. ఇక్కడ దాన్ని అందరూ దాటుతారు. బస్సులు దాటుతాయి. టాక్సీలు దాటుతాయి. ఎండ మండుతున్న రోజు కుక్కలు కూడా దాటి వెళ్ళి నీడలో కూర్చుని, అది వచ్చేదాకా చూస్తాయి. కన్నారావు మాత్రం దాటడు.

ఆయన వ్యాపారం తెలియకపోతే ఇందులో వింత లేదు. ఆయన అమెరికా స్పోర్ట్స్ కార్ల బ్రోకరు.

మస్టాంగ్, కమారో, చాలెంజర్. పాతవీ కొత్తవీ. పుట్టడమే ముందున్నవాణ్ణి దాటడానికి పుట్టిన కార్లు. వాటి ఫొటోలన్నీ ఆయన ఫోనులో ఉంటాయి. కార్లు మాత్రం వేరేవాళ్ళ ఇళ్ళలో ఉంటాయి. ఈ ఊళ్ళో వాటికి పరిగెత్తే రోడ్డు లేదు. తాగే పెట్రోలు కోసం వరుసలో నిలబడాలి. బయటినుంచి తెప్పించాలంటే అనుమతి కోసం మనవడు పుట్టేదాకా ఆగాలి. ఇన్ని సౌకర్యాలు చూసుకునే మా బావ ఈ వ్యాపారంలోకి దిగాడు.

ఆయన చెప్పే కారణం ఒకటుంది.

"మన ఊళ్ళో బళ్ళన్నీ రోడ్డుకి కుడిపక్కనెల్తాయి. జపాను కార్లకి స్టీరింగూ కుడిపక్కనే. తోలీవోడికి ఎదరేటొస్తందో కనిపించదు. అమెరికా కారుకి స్టీరింగు ఎడంపక్క. దాటాలంటే ఇదే సరైన బండి. తెలిసిందా?"

"మరి నువ్వు దాటవు కదా బావా?"

"దాటాలంటే అన్నాను. దాటాలని నాను సెప్పినానా?"

ఈ తర్కంతో ఆయన మా అక్క మల్లికతో ఇన్నేళ్ళు కాపురం చేశాడు. కొనడానికి వచ్చినవాళ్ళకు అంత ఓపిక ఉండేది కాదు.

నాది పజుండౌంగ్ పేటలో వాగు పక్కన కార్ల సీట్లు కుట్టే దుకాణం. కన్నారావు దగ్గర అమ్మకానికున్న ఒక పాత మస్టాంగ్ నా దుకాణం ముందే ఉండేది. ఎర్రది. నేను అక్కడ పెట్టుకోమని ఎప్పుడూ అనలేదు. నీడ బాగుందని ఆయనే తెచ్చి పెట్టాడు. అది సింగపూరు మీదుగా వచ్చిందని కొందరు, ఎవరో సినిమావాళ్ళు తెప్పించారని కొందరు చెప్పేవారు. అది స్టార్టు కాగానే నా కుట్టుమిషను దానంతటదే నాలుగు కుట్లు వేసేది. అల్మరాలో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించేవి. మావాళ్ళ తాతలు అహ్లోన్ రేవులో బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు. ఆ చప్పుడు వినగానే ఇక వేరే పేరు వెతకలేదు. ఆ కారును 'మిల్లు' అన్నారు.

మిల్లు యజమాని రాజమోహన్. అహ్లోన్‌లో గోదాములున్న మనిషి. "అమ్మిపెట్టు కన్నారావ్" అని తాళాలిచ్చాడు. అమ్మిపెట్టమని కన్నారావుకు ఇవ్వడం, ఎండబెట్టమని వానాకాలానికి ఇవ్వడం లాంటిది. ఆ సంగతి ఆయనకు తర్వాత అర్థమైంది.

కారు చూడ్డానికి మధ్యాహ్నం వస్తామంటే కన్నారావు ఒప్పుకోడు. పొద్దున్నే రావాలి, మార్కెట్టు తెరిచే వేళకు. ఆ వేళకు మా వీధిలోంచి సూరి సైక్కా బయల్దేరుతుంది. సూరి ముసలాయన. మార్కెట్టుకు సామాన్లు, ఆడవాళ్ళు, బడికి పిల్లలు, అన్నీ ఆ తొట్టిలోనే. మిల్లు ఆ సైక్కా వెనక చేరుతుంది. అంతే. ఇక మార్కెట్టు దాకా ఎనిమిది సిలిండర్లూ ఒక ముసలాయన పిక్కల వెనక వినయంగా నడుస్తాయి.

ఒకసారి పచ్చరాళ్ళ వ్యాపారి ఒకాయన వచ్చాడు. వేలికొక ఉంగరం. కారు చూసి మురిసిపోయాడు. ఎక్కాడు. సూరి వెనక చేరారు. ఆవేళ సైక్కాలో వెనక్కి చూసే సీట్లో ఎండుచేపలమ్మే వెంకమ్మ కూర్చుంది, ఒళ్ళో బుట్టతో. వెంకమ్మది బేరం బర్మా భాషలో, తిట్టు తెలుగులో. కారులో పచ్చరాళ్ళాయన, ఎదురుగా చెయ్యి చాస్తే అందేంత దూరంలో వెంకమ్మ. వేరే చూడ్డానికి ఏమీ లేదు. వీధి చివరికి వచ్చేసరికి ఆవిడ చేప ఎత్తి చూపించింది. గుడి దగ్గర ధర చెప్పింది. మలుపు దగ్గర తగ్గించింది. మార్కెట్టు దగ్గర ఆయన దిగి బుట్ట మొత్తం కొన్నాడు.

ఆ రోజు టీ కొట్లో మా అక్క అడిగింది.

"ఏటి, ఈయాలేటైనా అమ్ముడైందా?"

"సూసినారు" అన్నాడు కన్నారావు.

"సూసి?"

"బాగుందన్నారు."

"ఏది? కారా, సేపా?"

కన్నారావు టీ సాసర్లో పోసుకున్నాడు. జవాబు లేనప్పుడు ఆయన టీని చల్లార్చుకుంటాడు. మా అక్క ఇంట్లో ఆయన వేడి టీ తాగి చాలాకాలమైంది.

ఇంకోసారి ట్రాఫిక్ పోలీసు ఆపాడు. అంత నెమ్మదిగా వెళ్ళే ఎర్రకారును ఆయన ఎప్పుడూ చూడలేదు.

"ఏమైంది? బండి చెడిపోయిందా?"

"లేదు సయా. అమ్మకానికుంది" అన్నాడు కన్నారావు. సయా అంటే ఇక్కడ అయ్యగారు.

పోలీసు ఆ రెంటికీ తేడా ఏమిటో కాసేపు ఆలోచించి, వెళ్ళమన్నాడు. వెళ్ళడం కూడా చూడలేకపోయాడు. అటు తిరిగి నిలబడ్డాడు.

ఈయనకు అమ్మడం చేతకాదని నేనూ అనుకున్నాను. ఇంతలో ఎవరో బ్యాటరీతో నడిచే కొత్త అమెరికా స్పోర్ట్స్ కారు ఒకటి అప్పజెప్పారు. తెల్లగా, నున్నగా, ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దంగా ఉండేది. మధ్యాహ్నం వచ్చింది. సాయంత్రం టీ వేళకు అమ్మేశాడు. సైక్కా లేదు, చేపలు లేవు. కొన్నాయన తానే తోలుకుంటూ, దారిలో అందరినీ దాటుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఇదెలా అమ్మావు బావా?"

"అది మాటాడదురా. మాటాడని బండి నాకెందుకు?"

"నీకెందుకంటావేమిటి? నువ్వు బ్రోకరువి."

ఆయన టీ చల్లార్చుకున్నాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం రాజమోహన్ నా దుకాణానికి వచ్చాడు. తెల్లచొక్కా. కూర్చోమంటే స్టూలు వంక చూసి, నిలబడే మాట్లాడాడు.

"కన్నారావ్, తింజాన్ నీళ్ళ పండగలోపల అమ్ము. లేదంటే మాండలే పంపిస్తాను. అక్కడ బ్రోకరొకడు సిద్ధంగా ఉన్నాడు. అక్కడ రోడ్లయినా తిన్నగా ఉంటాయి."

కన్నారావు ముఖం అంతగా పాలిపోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

"మాండలే ఎందుకు బాబూ? ఇక్కడే ఎవులికో ఒకలికి ఇచ్చీద్దుం."

"ఎక్కడైతే నీకేం? నీ కమీషన్ నీకిస్తాను."

"కమీషనక్కర్లేదు. ఊరు దాటించకు బాబూ."

కమీషనక్కర్లేదన్న బ్రోకరును చూసి రాజమోహన్ స్టూలు మీద కూర్చున్నాడు. తెల్లచొక్కా సంగతి కూడా మరిచిపోయాడు.

అప్పటినుంచి కన్నారావు తిండి తగ్గింది. ఫోను పట్టుకుని సంచౌంగ్ నుంచి పజుండౌంగ్ దాకా తెలిసినవాళ్ళందరినీ పిలిచాడు. కారు కొంటారా అని అడగడం లేదు. "మీ ఇల్లెక్కడ? పొద్దున్నే లేస్తారా?" అని అడుగుతున్నాడు. పాలవాణ్ణి వెతుకుతున్నాడనుకుని కొందరు తమకు పాలు వద్దన్నారు.

చివరికి గోపీకృష్ణ దొరికాడు. సంచౌంగ్‌లో ఫోన్ల దుకాణాలున్న కుర్ర వ్యాపారి. ఆయనకు అన్నీ వెంటనే కావాలి. నా దుకాణం మెట్టెక్కుతూనే మొదలుపెట్టాడు.

"అంకుల్, నాకు టైం లేదు. సున్నా నుంచి వందకి ఎంత టైం పడద్ది?"

"ఎక్కడికెల్లాలి బాబూ?" అన్నాడు కన్నారావు.

"ఎక్కడికీ కాదు అంకుల్. స్పీడు అడుగుతున్నా."

"ఎక్కడికీ ఎల్లనప్పుడు ఎంతసేపైతే ఏటి?"

గోపీకృష్ణ నావైపు చూశాడు. నేను సూదిలో దారం ఎక్కించుకున్నాను.

"తెల్లారి రా బాబూ. నువ్వే తోలుదువు. ఒక్కటే మాట. ఎదర సైక్కా ఉంటే దాటకు."

"ఎందుకు?"

"ఇంజను నెమ్మదిలో ఎలాగుందో సూసుకోవాల. పరిగెత్తడం ఏ బండైనా పరిగెడతాది."

మర్నాడు గోపీకృష్ణ స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన కన్నారావు. వెనక నేను. సీటు కుట్లు ఎలా ఉన్నాయో చూడ్డానికి ఎక్కానని చెప్పుకున్నాను. నిజానికి ఎవరు ముందు అరుస్తారో చూద్దామని ఎక్కాను.

మిల్లు మోగింది. సూరి సైక్కా కదిలింది. మేం వెనక చేరాం. వెనక్కి చూసే సీట్లో వెంకమ్మ, ఒళ్ళో బుట్ట. ఆవిడ మా కారులో కొత్త ముఖం చూసి సంతోషించింది. వెంటనే ఒక చేప ఎత్తింది.

"అంకుల్, ఈవిడ ఎవరు?"

"వెంకమ్మప్ప. సేపలు బాగుంటాయి."

"నేను కారు కోసం వచ్చా."

"అందరూ అలాగే వత్తారు బాబూ."

గోపీకృష్ణ వేళ్ళతో స్టీరింగు మీద కొట్టుకున్నాడు. మమ్మల్ని ఒక సైకిలు దాటింది. ఒక గంపావిడ నడుస్తూ దాటింది. కారుకు అన్ని గుర్రాల బలముందని ఆయన ఎక్కడో చదివాడు. ఆ గుర్రాలన్నీ కలిసి ఒక ముసలాయన వెన్ను చూస్తున్నాయి. ముందు ఒక లారీ ఆగి ఉంది. దాన్ని తప్పించడానికి సూరి వెనక్కి చూడకుండానే, రోడ్డు తనదైనట్టు మధ్యకు వచ్చాడు. వెంకమ్మ చేప ధర చెప్పింది.

గోపీకృష్ణ ఓపిక అక్కడితో సరి. యాక్సిలరేటరు తొక్కాడు. మిల్లు ఒక్క గర్జన గర్జించి సైక్కాను దాటింది.

"సేప సూపిత్తంటే దాటిపోతావేటిరా, దిక్కుమాలినోడా!" అని వెంకమ్మ మావైపు తిరిగి చెయ్యి ఊపింది.

నేను వెనక అద్దంలోంచి చూశాను. సూరి తొక్కడం ఆపేశాడు. రోడ్డు మధ్యలో అలాగే నిలబడిపోయి, ఏదో పోగొట్టుకున్నవాడిలా నేల వంక చూస్తున్నాడు. వెనకనుంచి బస్సు వస్తోంది. హారన్ కొట్టింది. పెద్ద హారన్. వీధంతా తిరిగి చూసింది. మేడమీద బట్టలారేస్తున్నవాళ్ళు కూడా చూశారు.

సూరి ఒక్కడే చూడలేదు.

కన్నారావు కారు పూర్తిగా ఆగకముందే తలుపు తీశాడు. లుంగీ ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. ఒక చెప్పు దారిలో ఊడింది. మా బావ పరిగెత్తడం చూసినవాళ్ళు లేరు. పెళ్ళి ఊరేగింపులో టపాసులు పేలినప్పుడు కూడా ఆయన నడిచే వచ్చాడని మా అక్క చెబుతుంది. సైక్కాకూ బస్సుకూ మధ్య చేతులు రెండూ చాపి నిలబడ్డాడు. రెండు చేతులూ చాపాడు కాబట్టి లుంగీని దేవుడే చూసుకోవాల్సి వచ్చింది. దేవుడు చూసుకున్నాడు. బస్సూ ఆగింది.

అప్పుడు సూరి వెనక్కి తిరిగి, కన్నారావును చూసి, బస్సులోవాళ్ళందరికీ వినబడేలా అడిగాడు.

"ఏటి కన్నా! మిల్లు ఎదరకెల్లిపోనాదేటి? బెల్టు తెగిందేటి?"

మేం కారు పక్కకు తీసి దిగేసరికి వెంకమ్మ మా మీదికి వచ్చింది. చేప ఇంకా చేతిలోనే ఉంది. దానితోనే గోపీకృష్ణ గుండె మీద పొడుస్తూ మాట్లాడింది.

"నీకు కళ్ళున్నాయా? ఆ ముసలోడికి సెవుల్లేవు! అహ్లోన్ మిల్లులో పన్జేసి పన్జేసి పోనాయి. హారనినబడదు, బస్సినబడదు. ఈ ఎర్రబండి ఎనకనుంటే అదురు తెలుస్తాది, వీపుకీ పిర్రలకీ. మిల్లు తిరుగుతున్నాదీ, అంతా బాగున్నాదీ అనుకుని తొక్కుతాడు. ఇంత బండి ఎనకనుంటే బస్సులోడు మీదికి రాడు. తెలిసిందా? నువ్వేమో ఎదరకి తీసుకుపోనావు!"

"ఒక అద్దం పెట్టించొచ్చు కదా" అన్నాడు గోపీకృష్ణ, ఊపిరి పీల్చుకుని.

"కన్నారావు పెట్టించినాడు. అందులో ముసలోడు తల దువ్వుకుంతన్నాడు."

ఇంతలో కన్నారావు వచ్చాడు. ఊడిన చెప్పు చేతిలో ఉంది. సూరి పక్కనే ఉన్నాడని మా చెవుల దగ్గర గుసగుసలాడాడు.

"నెమ్మదిగా మాటాడండి. సెవుడని తెలిస్తే ఎవులూ ఎక్కరు. ముసలోడి తిండి పోతాది."

చెవిటివాడి పక్కన గుసగుసలాడే మనిషిని నేను అప్పుడే చూశాను.

తర్వాత విచారించాను. సూరికి చెవుడని పిల్లల తల్లులకు తెలుసు. పిల్లలకూ తెలుసు, ఎడంవైపు తిరగాలంటే ఎడం భుజం, కుడివైపు తిరగాలంటే కుడి భుజం తడతారు. పోలీసుకూ తెలుసు; అందుకే అటు తిరిగి నిలబడ్డాడు. కన్నారావు ఇంత జాగ్రత్తగా దాచిన రహస్యం పజుండౌంగ్ మొత్తం మీద తెలియనిది ఆ వీధిలోనే దుకాణం పెట్టుకున్న నాకు ఒక్కడికే. సీట్లు కుట్టేవాళ్ళు కళ్ళు దించుకుని పనిచేస్తారు.

సరే. మేం మళ్ళీ కారెక్కాం. గోపీకృష్ణ స్టీరింగు పట్టుకున్నాడు గానీ స్టార్టు చెయ్యలేదు. కన్నారావు ముఖంలో మాండలే కనిపిస్తోంది. ఈ బేరమూ పోయిందనుకున్నాడు. ఆయనకు ఇక మిగిలింది అబద్ధం ఒక్కటే. అది కూడా ఆయనకు అలవాటు లేని పని. అయినా మొదలుపెట్టాడు.

"బాబూ, ఈ ఇంజనుకి ఒక పత్తిముంది."

"పథ్యమా?"

"అవును. రోజూ పొద్దుట కాసేపు సైక్కా ఎనక నడవాల. లేపోతే పట్టీస్తాది. పాత బండి గదా. అమెరికావోళ్ళు పుస్తకంలో రాయరు. మన వాతావరణానికి అది తప్పదు."

గోపీకృష్ణ రోజంతా యంత్రాలు అమ్మే మనిషి. మెకానిక్ అబద్ధాలు దూరంనుంచే పసిగడతాడు. కన్నారావు ముఖం వంక చూశాడు. ఆయన చేతిలోని చెప్పు వంక చూశాడు.

"ఏ సైక్కా అయినా పర్లేదా అంకుల్?"

"లేదు బాబూ. బరువు సరిపోవాల. వెంకమ్మప్ప ఎక్కిన సైక్కా అయితే మంచిది."

"ఎన్నాళ్ళు?"

"ఇంజను అలవాటు పడీవరకూ."

"నాకు టైం లేదు అంకుల్" అన్నాడు గోపీకృష్ణ. కన్నారావు తల దించుకున్నాడు. "పొద్దున ఎన్నింటికి బయల్దేరద్ది ఆ సైక్కా?"

మిల్లు అలా అమ్ముడుపోయింది, తింజాన్ నీళ్ళు ఇంకా ఎవరి మీదా పడకముందే. రాజమోహన్ కమీషను ఇస్తే కన్నారావు వద్దన్నాడు. పక్కన నిలబడ్డ మా అక్క ఆయన తరపున తీసుకుంది.

ఇప్పుడు గోపీకృష్ణ రోజూ పొద్దున్నే సంచౌంగ్ నుంచి వస్తాడు. మొదట్లో స్టీరింగు మీద వేళ్ళతో కొట్టుకునేవాడు. ఇప్పుడు టీ తాగుతూ తోలుతున్నాడు. స్నేహితులు నవ్వితే ఖచ్చితంగా చెబుతాడట: "మీకు తెలీదు. ఇంజన్ పథ్యం. అమెరికావాళ్ళు పుస్తకంలో రాయరు." వాళ్ళింట్లో ఎండుచేపలు పేరుకుపోయాయని విన్నాను.

మొన్న సూరి నా దుకాణం ముందు సైక్కా ఆపుకుని నీళ్ళు తాగాడు. తొట్టిలో సీటు చిరిగితే కుడుతూ, ఆయనను అడిగాను. అరిచి కాదు. చేత్తో వెనకే ఆగిన మిల్లు వైపు చూపించి, నెమ్మదిగా అన్నట్టు చెయ్యి ఊపాను. ఆయనకు అర్థమైంది. వీధంతా వినబడేలా నాకు రహస్యం చెప్పాడు.

"నీకూ తెలిసిందేటి? ఆ బండిలో సత్తువ లేదురా. కన్నా తోలినపుడూ లేదు, ఈ గుంటడు తోలినా లేదు. ఒకపాలి ఎదరకురికి అక్కడే ఆగిపోనాది. పైకి బుర్రుమంటాది, నా సైకిలుతో సమానంగా రానేదు. ఎనకబడిపోతే నలుగుర్లో నామర్దా గదా? అందుకే నాను నెమ్మదిగా తొక్కుతాను. లేపోతే ఈపాటికి మార్కెట్టుకి రెండుసార్లు ఎల్లొద్దును. ఆలకి సెప్పకు."

నేను చెప్పలేదు.

ఈ ఉదయం కూడా చూశాను. ముందు సూరి సైక్కా, పెద్దమనసుతో నెమ్మదిగా. అందులో వెంకమ్మ, చేప ఎత్తి చూపిస్తూ. దాని వెనక మిల్లు, గోపీకృష్ణ ధర తగ్గించమంటూ. దాని వెనక పసుప్పచ్చ కమారో ఒకటి. అది కన్నారావు చేతికి కొత్తగా వచ్చిన బేరం. పక్కన కొనడానికి వచ్చినాయన కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తున్నాడు.

"ఖాళీ ఉంది కదండీ! ఆ ఎర్రకారును దాటండి!"

"అదెలాగండీ?" అంటున్నాడు మా బావ. "అది సైక్కా ఎనకున్నాది."